మూడడుగుల అక్వేరియానికి మూత: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం

తొట్టి కొలతలు ముందు రాసుకుంటే తర్వాత లెక్కలు తేలిక. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 8 మిల్లీమీటర్ల అద్దం. కింద ఇసుక పోను రమారమి 160 లీటర్ల నీళ్ళు. హైదరాబాదు నిజాంపేటలో మా ఫ్లాట్ హాల్లో గోడవార, ఇనుప స్టాండు మీద ఉంటుంది.

ఇన్నాళ్ళూ మూత లేకుండానే నడిచింది. అందులో ఉన్నవి అడుగున తిరిగే కోరీడోరాస్, కొన్ని ప్లాటీలు. ఈ మధ్య జీబ్రా డానియోలూ పెర్ల్ గౌరామీలూ వచ్చి చేరాయి. డానియోలు మన ఉపఖండపు వాగుల్లో చేపలే. చూడ్డానికి వేలెడంత ఉంటాయి కానీ, ఒకదాన్నొకటి తరుముకుంటున్నప్పుడు నీళ్ళలో ఉన్నామన్న సంగతే మర్చిపోతాయి. ఇప్పటికే రెండుమూడు సార్లు అంచు దాకా ఎగిరి తిరిగి లోపలే పడ్డాయి. బయట పడే రోజు కోసం ఎదురుచూడదల్చుకోలేదు.

ఇంకో కారణం బల్లులు. ట్యూబ్‌లైటు దగ్గర పురుగుల కోసం తిరిగే బల్లి ఒకటి మొన్న రాత్రి తొట్టి పైన గోడ మీదే మకాం పెట్టింది. అమ్మకి అదే టెన్షన్. పంచాంగంలో బల్లి మనిషి మీద ఎక్కడెక్కడ పడితే ఏ ఫలితమో వివరంగా ఉంది గానీ, అక్వేరియంలో పడితే చేపలకేమవుతుందో ఎవరూ రాయలేదు.

మార్చి మొదటి వారం

షాపింగు కంటే ముందు ఒక పని చేశాను. మార్కర్ పెన్నుతో నీటిమట్టం దగ్గర అద్దం మీద గీత పెట్టి, రోజూ అదే వేళకి ఎంత దిగిందో స్కేలుతో చూశాను. ఈ తొట్టి లోపలి కొలత 898 మిల్లీమీటర్ల పొడవు, 441 వెడల్పు. అంటే మట్టం ఒక మిల్లీమీటరు తగ్గితే 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోయినట్టు. ఫ్యాన్ తిరుగుతుంటే రోజుకి మూడు మిల్లీమీటర్ల దాకా తగ్గుతోంది. ఇంకా ఎండలు ముదరనే లేదు.

ఈ పోయిన నీటిని దేనితో నింపుతాం అన్నదే మా ఏరియాలో అసలు తలనొప్పి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. మా అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ కలిసిపోయి ఉంటాయి, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 800 చూపించిన రోజులున్నాయి. తగ్గిన నీటికి బదులు అవే పోస్తూపోతే నెల తిరిగేసరికి తొట్టి నీళ్ళలో లవణాలు ఇంకా పెరిగిపోతాయి. నీళ్ళు మార్చడం వేరు, తగ్గినంత నింపడం వేరు. మార్చేటప్పుడు లోపలి లవణాలు కొంత బయటికి పోతాయి, నింపేటప్పుడు చుక్క కూడా పోదు. అందుకే నింపడానికి లవణాలు తక్కువుండే ప్యూరిఫయర్ నీళ్ళు వాడుతున్నాను. ఎండాకాలంలో అది రోజూ బిందె మోసే పని అవుతుంది.

ఇక్కడిదాకా ఆలోచిస్తే గట్టి మూత వేసేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ రెండో లెక్క దీనికి ఎదురు తిరుగుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోక్యాలరీల వేడి కావాలి, అందులో ఎక్కువ భాగం తొట్టి నీళ్ళ నుంచే లాగుతుంది. మే నెలలో రోజుకి రెండు లీటర్లు ఆవిరైతే సుమారు 1160 కిలోక్యాలరీలు. గది నుంచి వేడి అస్సలు రాకపోతే 160 లీటర్ల నీటిని ఏడు డిగ్రీలు చల్లబరచడానికి అది చాలు. గది వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత తగ్గదు, కానీ మూతలేని తొట్టి మా హాలు కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉండటానికి కారణం ఇదే. పైన గట్టిగా మూసేశామంటే ఆ చల్లదనం ఆగిపోతుంది.

చలి దేశాల్లో మూత వేడిని ఆపడానికి. మనకి డిసెంబరు, జనవరి తప్పిస్తే ఆ అవసరం లేదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలిలో తేమ 30 శాతం లోపుకి పడిపోతుంది. ఆ ఎండు గాలే మనకి ఖర్చులేని కూలర్. దాన్ని మూసేసే మూత కొనుక్కొచ్చి, మళ్ళీ చల్లబరచడానికి చిల్లర్ కొనడం నాకు నచ్చలేదు. కాబట్టి నాకు కావాల్సింది ముక్కలుగా ఉండే మూత. కాలాన్ని బట్టి ఒక ముక్క తీసి ఇంకోటి పెట్టుకోగలగాలి.

మార్చి రెండో వారం

కూకట్‌పల్లి వైపు రెండు మూడు అక్వేరియం షాపులు తిరిగాను. దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నల్లటి ప్లాస్టిక్ హుడ్, లోపల ఎల్‌ఈడీ బిగించి, ముందు సగం తెరుచుకునేది. రెండోది ప్లైవుడ్ పెట్టెకి సన్‌మైకా అంటించినది. రెండోది మన ఇళ్ళలో టీవీ యూనిట్‌కి మ్యాచింగ్‌గా ఉంటుందని చాలామంది కొంటారు.

ప్లాస్టిక్ హుడ్ చెడ్డదని అనను. మొదటి తొట్టి కొనేవాళ్ళకి, రెండడుగుల లోపు సైజుకి అదే నయం. తేలికగా ఉంటుంది, తీయడం పెట్టడం పిల్లలైనా చేస్తారు. నా అభ్యంతరం లైటు దగ్గర. ఎల్‌ఈడీ వేడి వెలుతురు వచ్చే వైపు కంటే వెనక ఉన్న లోహపు పట్టీ నుంచి ఎక్కువ బయటికి పోవాలి. హుడ్ లోపల ఆ వెనకవైపు కూడా ఆవిరితో నిండిన మూసిన అర. వేడీ తేమా రెండూ కలిస్తే లైటు ఎక్కువకాలం మన్నదు. పైగా ఆ లైటు పోతే అదే సైజు దొరకదు. షాపతన్ని అడిగితే, "లైట్ పోతే మొత్తం హుడ్ మార్చుకోవాల్సిందే సార్, విడిగా రాదు" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు.

వెనకటి రోజుల్లో లోతైన హుడ్‌కి అర్థం ఉండేది. ట్యూబులూ వాటి చోకులూ పట్టాలంటే అరడుగు ఎత్తు పెట్టె కావాలి. ఎల్‌ఈడీ వచ్చాక ఆ పెట్టె అవసరం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

ప్లైవుడ్ గురించి మా కాలనీ కార్పెంటర్ అన్న చెప్పింది రాసుకోదగ్గది. "పైన సన్‌మైకా ఎంత మంచిదేసినా లాభం లేదు సార్. నీళ్ళు తాగేది అంచు." ప్లై కోసిన అంచు దగ్గర పొరలు బయటపడి ఉంటాయి, ఆవిరి అక్కడి నుంచే ఎక్కుతుంది. చేయిస్తే ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైతోనే చేయించాలి, కోసిన ప్రతి అంచుకీ లోపలివైపూ రెండు పూతలు పెయింట్ పట్టించాలి అన్నాడు. చెక్కపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డు మాట ఎత్తితే నవ్వాడు. అదంతా చేశాక కూడా పెట్టె ఏడెనిమిది కిలోలు తూగుతుంది. రోజూ మేత వేయడానికి ఎత్తలేను. ప్లై వద్దనుకున్నాను.

అదే వారం, యాక్రిలిక్ సంగతి

నేమ్ బోర్డులు చేసే షాపులో 4 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు అడిగాను. లేజర్‌తో ఏ ఆకారం కావాలన్నా కోసిస్తారు, పైపులకి రంధ్రాలు అచ్చు గుద్దినట్టు వస్తాయి. బరువు గాజులో సగం కూడా ఉండదు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. యాక్రిలిక్ నీటిని కొద్దిగా పీల్చుకుంటుంది. మూత కింది వైపు ఎప్పుడూ తడి, పై వైపు ఎప్పుడూ పొడి. తడి వైపు వ్యాకోచిస్తుంది, దాంతో మధ్యభాగం కిందికి కుంగి మూలలు పైకి లేస్తాయి. డానియోకి ఆ మూల సందు చాలు. తిరగేసి పెడితే కొన్నాళ్ళు సర్దుకుని మళ్ళీ అటువైపు వంగుతుంది. వారం వారం తిరగేస్తూ వాడేవాళ్ళున్నారు. ఓపికున్నవాళ్ళకి దండం.

ఉగాది తర్వాత ఆదివారం

గాజే ఖాయం చేశాను. 4 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకి పది కిలోలు. పైన రెండు పలకలు అనుకుంటే ఒక్కొక్కటి కిలోన్నర, ఒంటి చేత్తో తీయొచ్చు. 5 మిల్లీమీటర్లు తీసుకుంటే కిలో ఎనిమిది వందల దాకా వస్తుంది, ఈ సైజుకి అంత అవసరం లేదు.

మా తొట్టికి పైఅంచు నుంచి ఇంచీ కిందుగా లోపల చుట్టూ గాజు పట్టీలు అంటించి ఉన్నాయి, మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక అడ్డపట్టీ. ఇది మంచి ఏర్పాటు. మూత అంచు పైన కూర్చుంటే కింద పట్టిన ఆవిరి చుక్కలు అంచు దాటి బయటి అద్దం మీదుగా కారి స్టాండుకి తుప్పు పట్టిస్తాయి. పట్టీల మీద లోపలే కూర్చుంటే ప్రతి చుక్కా తిరిగి తొట్టిలోకే.

కొలతలు ఇలా వేశాను. వెనక వంద మిల్లీమీటర్లు పైపులకీ వైర్లకీ వదిలేయాలి. మిగిలిన 341లో ఆరు తగ్గించి 335. పొడవు 898లో సగం 449, అందులో నాలుగు తగ్గించి 445. ఆ తగ్గింపు తప్పనిసరి. మూలల్లో సిలికాన్ ఉబ్బు ఉంటుంది, పలక అక్కడ ఇరుక్కుంటే తీసేటప్పుడు పగిలేది పలకో తొట్టో చెప్పలేం.

మెయిన్ రోడ్డు మీద గాజు షాపు భాయ్ దగ్గరికి కాగితం మీద గీసిన బొమ్మతో వెళ్ళాను. మిల్లీమీటర్లు చూసి మొహం చిట్లించి, టేపు తిప్పి ఇంచీల్లోకి, సూత్‌లలోకి మార్చుకున్నాడు. సూత్ అంటే ఇంచీలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. "ఏక్ సూత్ ఇధర్ ఉధర్ చలేగా నా సార్?" (ఒక సూత్ అటూ ఇటూ అయినా పర్లేదు కదా) అంటే చలేగా కాదు భాయ్ అన్నాను. నవ్వి మళ్ళీ మిల్లీమీటర్ల వైపే టేపు పట్టాడు.

అతను కోస్తుంటే చూడటం ఒక పనితనం చూడటమే. బల్ల మీద పాత కార్పెట్ ముక్క, దాని మీద గాజు. కట్టర్ చక్రాన్ని కిరోసిన్ సీసాలో ముంచి, చెక్క స్కేలు ఆన్చి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగు. మధ్యలో ఆపడు, వెనక్కి రాడు. ఆ గీత పడేటప్పుడు సన్నగా బట్ట చిరిగిన చప్పుడు. తర్వాత గీతని బల్ల అంచుకి తెచ్చి, బొటనవేళ్ళు పైన, మిగతా వేళ్ళు కింద పెట్టి ఒక్క విరుపు. అంచు నీటిగీతలా తెగింది. తర్వాత కార్బొరండం రాయి తడిపి నాలుగంచులూ రుద్దాడు. ఈ రుద్దుడు లేకుండా తెచ్చుకోకండి, రోజూ చెయ్యి పెట్టే చోటు.

ముందు కుడి మూల మేత వేయడానికి అడ్డంగా కోయించాను. రెండో పలకకి కూడా మూల కోత పెట్టించాను కానీ వెనక వైపు. పలక మధ్యలో చదరపు గంటు కొట్టమంటే మాత్రం భాయ్ ఒప్పుకోలేదు. లోపలి మూల దగ్గర ఒత్తిడి చేరి ఎప్పుడో ఒకప్పుడు అక్కడి నుంచే పగులు బయల్దేరుతుందట, నేను చదివిందీ అదే. టఫెన్డ్ గాజు కూడా అడిగాను. ముందు అన్ని కోతలూ పూర్తిచేసి ఫ్యాక్టరీకి పంపాలి, గట్టిపరచాక ఇంక ముట్టుకోకూడదు. కిలోన్నర మూతకి అంత తతంగం అక్కర్లేదనిపించింది.

పిడుల కోసం మిగిలిన గాజు ముక్కల్లోంచే రెండు పట్టీలు అడిగి తెచ్చాను. ఫంగస్ మందు కలపని మామూలు అక్వేరియం సిలికాన్‌తో అంటించాను. బాత్‌రూమ్‌కి వాడే రకం కొనకూడదు, అందులో బూజు చంపే మందు ఉంటుంది. రెండు రోజులు బాల్కనీలో ఆరేశాను. వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే తొట్టి మీదికి.

ఏప్రిల్

వెనక వంద మిల్లీమీటర్ల పట్టీకి పాలీకార్బనేట్. కార్ పార్కింగ్ షెడ్ల పైకప్పుకి వేస్తారే, లోపల గొట్టాల్లా అరలుండే షీటు, అదే. మా వీధిలో షెడ్డు వేస్తున్నవాళ్ళ దగ్గర మిగిలిన ముక్క దొరికింది. బ్లేడు కత్తితో కోయొచ్చు, కత్తెరతో కూడా సర్దొచ్చు, ఫిల్టరు పైపు మారితే కొత్త గంటు పెట్టుకోవచ్చు. గాజుకి ఈ సుఖం లేదు. యాక్రిలిక్‌లా నీరు పీల్చి వంగే గుణమూ తక్కువే.

దీనితో రెండు జాగ్రత్తలు. కోసిన చివర అరల్లోకి తేమ వెళ్ళి లోపల పచ్చటి పాచి పడుతుంది, దాన్ని తీసే మార్గం లేదు. అందుకే రెండు చివరలా సిలికాన్ పూసి మూసేశాను. రెండోది, షీటుకి ఒకవైపే ఎండ తట్టుకునే పూత ఉంటుంది. కిటికీ వైపు నుంచి ఎండ పడే తొట్టి అయితే ఆ వైపు పైకి ఉండాలి.

పైపుల చుట్టూ కొద్దిగా సందు వదిలాను, కావాలనే. మూత గట్టిగా ఉంటే చేపలకి ఊపిరాడదని చాలామంది భయపడతారు. ప్రాణవాయువు ప్రధానంగా నీటి ఉపరితలం కదలడం వల్ల లోపలికి వెళ్తుంది, ఫిల్టరు నీరు పైపొరని కదిపితే, పైన గాలి మారడానికి చిన్న సందులు చాలు. గౌరామీల సంగతి ఇంకోరకం. వాటికి తల దగ్గర గాలి పీల్చే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది, మధ్యమధ్య పైకొచ్చి గుటక వేసి వెళ్తాయి. అందుకని నీటికీ మూతకీ మధ్య రెండు ఇంచీల ఖాళీ ఉంచాను. చలికాలంలో మూత కింద వెచ్చగా, తేమగా ఉండే ఆ గాలి వాటికి మంచిదే.

లైటుని మూతతో ముడిపెట్టలేదు. స్టీలు కాళ్ళ మీద అరడుగు పైన నిలబెట్టాను. శుభ్రమైన గాజు వెలుతుర్లో ఎనిమిది శాతం దాకా వెనక్కి తిప్పేస్తుంది, అది పెద్ద నష్టం కాదు. మురికి గాజు సంగతి వేరే, అది కింద రాస్తాను. ట్రూప్ బజార్ వెళ్ళి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తెచ్చి అక్వేరియం ప్లగ్గులన్నీ దాని కిందికి మార్పించాను. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వంపు తిరిగి మళ్ళీ పైకెక్కేలా కట్టాను. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్టులోకి పోదు.

మే చివర, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే కార్తె అంటారు, ఈసారి మా హాల్లో థర్మామీటరు మధ్యాహ్నం 35 దాటింది. రెండు గాజు పలకలూ వేసి ఉంచిన రోజు సాయంత్రానికి తొట్టి నీళ్ళు 32 దాటాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పడుతుంది, 30 దగ్గర 7.5 మాత్రమే. కోరీడోరాస్ అడుగు వదిలి మాటిమాటికీ పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి. అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగడం వాటికి అలవాటే, ఇది మాత్రం అలవాటు కంటే ఎక్కువ.

ఎడమ పలక తీసి మెష్ ఫ్రేము పెట్టాను. కిటికీ దోమతెరల వాళ్ళ దగ్గర అదే కొలతకి అల్యూమినియం చట్రం, ఫైబర్ మెష్ చేయించి ఉంచుకున్నదే. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న ఇనప మెష్ ఏదీ తొట్టి మీదికి రానివ్వకూడదు. దాని మీది నుంచి కారే చుక్కల్లో ఆ లోహాలుంటాయి, నత్తలూ రొయ్యలూ ముందు పోతాయి. మెష్ మీద కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 12 వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాను, నీటి మీదుగా గాలి పోయేలా. మర్నాడు అదే ఎండ, అదే వేళ, నీళ్ళు 29. నీటిమట్టం దాదాపు నాలుగు మిల్లీమీటర్లు దిగింది, అంటే లీటరున్నర. రాత్రి పడుకోబోయే ముందు ప్యూరిఫయర్ నుంచి ఒక జగ్గు, పొద్దున్నే ఇంకో జగ్గు. ఆ మాత్రం మోత నాకు ఓకే.

మెష్ కింద వెలుతురు తగ్గింది, దుమ్ము కూడా పడుతుంది. ఆ వైపు మొక్కల్లో నీడకి ఓర్చుకునే అనూబియాస్‌ని ఉంచి, వెలుతురు కావాల్సిన వాటిని గాజు వైపు మార్చాను.

జూన్, మృగశిర వెళ్ళాక

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు పంపిణీ అయిపోయింది, ఇళ్ళల్లో చేపల పులుసులూ అయిపోయాయి. పక్క ఫ్లాట్ అంకుల్ మా తొట్టి ముందు నిలబడి, "ఇందులో ఒక కొరమీను వేయవయ్యా, మన రాష్ట్ర చేప" అన్నారు. కొరమీను వేస్తే ఈ కిలోన్నర మూత చాలదు అంకుల్, పైన ఇటుక పెట్టాలి అన్నాను. కొరమీను గాలి పీలుస్తుంది, తడి నేల మీద కొంత దూరం పాకుతుంది కూడా. దానికి కావాల్సింది గడియ పెట్టే మూత.

మొదటి వానతో ఉసిళ్ళు వచ్చాయి. హాల్లో లైట్లు ఆర్పేలోగా తొట్టి లైటు చుట్టూ మూగాయి. గాజు మీదా మెష్ మీదా రెక్కలు కుప్ప, లోపల ఒకటీ పడలేదు. ఒకటి రెండు పడితే డానియోలు పండగ చేసుకుంటాయి, పిడికెడు పడితే నీళ్ళు పాడవుతాయి. మేత వేసే మూల కోత దగ్గర కూడా చిన్న పాలీకార్బనేట్ ముక్క అడ్డం పెట్టాను.

ఇక గాజు మూతతో అసలు చాకిరీ. మా నీళ్ళలో కాల్షియం ఎక్కువ. ఫిల్టరు చిమ్మే సన్నటి తుంపర గాజు కింద ఎండి, తెల్లటి మచ్చలు గట్టిగా పడతాయి. రెండు వారాలు వదిలేస్తే పలక పాల గాజులా అవుతుంది, అప్పుడు పోయే వెలుతురు ఎనిమిది శాతంతో ఆగదు. పలకని సింకులో పెట్టి, వెనిగర్‌లో తడిపిన టిష్యూ పరిచి పావుగంట ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. బ్లేడుతో గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్ళీ ఇంకా గట్టిగా పడతాయి. సబ్బు వాడొద్దు, నీళ్ళతో బాగా కడిగి తిరిగి పెట్టడమే. ఫిల్టరు పైపు మూతిని నీటిమట్టం కిందికి కొంచెం దించాక తుంపర తగ్గింది, మచ్చలు నెమ్మదించాయి. పైపొర కదలిక మాత్రం ఆగకుండా చూసుకోవాలి.

ఇంకా మిగిలినవి

వానాకాలం ముదిరి గాలిలో తేమ పెరిగాక ఫ్యానుతో లాభం తగ్గిపోతుంది, అప్పటికి ఎండ వేడీ తగ్గుతుంది కాబట్టి ఫ్యాను తీసేసి మెష్ మాత్రం ఉంచుతాను. దసరా దాటాక రెండో గాజు పలక తిరిగి ఎక్కాలి. హీటరు వైరు కోసం వెనక పట్టీలో ఇంకో గంటు కోయాలి, దాని కొలత తీసి పాలీకార్బనేట్ మీద ఇప్పటికే పెన్సిలు గీత పెట్టి ఉంచాను. మెష్ ఫ్రేము మూలలు కొద్దిగా వదులయ్యాయి, ఆ దోమతెరల అతనికి ఫోన్ చేయాలి.